గిలక్కాయ మీద గుర్తు

చిన్నపిల్లల బొమ్మ అమ్మాలంటే ఐఎస్‌ఐ గుర్తు ఉండి తీరాలని తెలిసిన రోజున ఇంద్రజ పకపకా నవ్వింది. చెక్క గిలక్కాయకి పరీక్షేమిటి, అదేమైనా ఇంజనీరింగు చదవబోతోందా అంది. ఆ తర్వాత ఆ గుర్తు కోసం ఆమె తిరిగిన తిరుగుడు పగవాళ్ళకి కూడా వద్దు. ల్యాబువాళ్ళు గిలక్కాయని పైనుంచి పడేశారు, లాగారు, మెలితిప్పారు, ఉమ్మిలాంటి నీళ్ళలో నానబెట్టి ఏం దిగుతుందో చూశారు. మొదటిసారి మూత ఊడి లోపలి గింజ బయటపడింది. ఇది పిల్లవాడి గొంతులో పడితే ఎవరిదమ్మా పూచీ అని వెనక్కి పంపారు. ఇంద్రజ ఆ రోజు ఏడ్చి, మర్నాడు మళ్ళీ లేత్ మిషను దగ్గర కూర్చుంది. చివరికి లైసెన్సు వచ్చింది. కాశీబుగ్గలోని రేకుల షెడ్డుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందు బోర్డు కట్టారు.

అంతకుముందు ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. తొక్కలోంచి కారే జీడి నూనెకి అరచేతులు మొదట బొబ్బలెక్కాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆ తర్వాత ఏమీ తెలియకుండా మొద్దుబారాయి. షెడ్డులో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళంతా ఆ ఫ్యాక్టరీలోంచి ఆమె వెంట నడిచి వచ్చినవాళ్ళే. లైసెన్సు ఉన్నన్నాళ్ళే ఈ నీడ. అది పోతే అందరూ మళ్ళీ ఆ ఫ్యాక్టరీ పొగలోకే.

వానల్లో పెద్ద ఆర్డరు వచ్చింది. ఉద్దానం పల్లెల్లోని అంగన్‌వాడీలకి గిలక్కాయలు కావాలన్నారు. రాత్రింబవళ్ళు కూర్చుని చేసి, ప్రతిదాని మీదా గుర్తూ లైసెన్సు నంబరూ వేసి పంపేశారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, షెడ్డులో పూత పని చూసే మామగారు అప్పన్న గుమ్మంలో కూర్చుని, మీసం సవరించుకుంటూ శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"కోడలా, ఈపాలి సరుక్కి పురుగు పట్టదు. నాను పూసీసినాను గదా."

"ఏటి పూసావు మావా?"

"జీడి నూనె. పల్చగా ఒక్క సెయ్యి. దాని మీద నువ్వు సెప్పిన మైనం."

ఆయన తప్పేమీ చేశాననుకోలేదు. జీవితమంతా తలుపులు, మంచాలు, చేపల పడవలు చేసినవాడు. ఈ తీరంలో చెక్క అంటే జీడి నూనె పడాల్సిందే, లేకపోతే అది చెక్కే కాదు. వానకి చెక్క చెమ్మ పట్టి, అక్కడక్కడ పురుగు పొడి రాలుతుంటే ముసలాయన ప్రాణం ఆగలేదు. కోడలి పేరున్న సరుకు పుచ్చిపోతే పరువేం కావాలని పూశాడు. ల్యాబులో నెగ్గింది నువ్వుల నూనె, తేనెమైనం పూసిన గిలక్కాయ. ఇది ఇంకొకటి. గుర్తు మాత్రం అదే.

ఇంద్రజ షెడ్డులో మిగిలిన గిలక్కాయలు తెచ్చి అందరి చేతుల్లోనూ పెట్టింది. పట్టుకున్నారు, రుద్దారు, బుగ్గకి ఆనించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఏమీ లేదమ్మా, నున్నగా ఆరిపోయిందన్నారు. ఆమె చేతికీ ఏమీ తగల్లేదు. అప్పుడే ఆమెకి భయం పట్టుకుంది. పలాసలో జీడి గురించి చేతుల్ని అడిగితే అవేం చెబుతాయి? అన్నీ కాలి చచ్చిన చేతులే కదా.

ఎవరూ చూడకుండా ఒక గిలక్కాయని నోట్లో పెట్టుకుని చంటిపిల్లలా చప్పరించింది. మైనం కరిగి, అడుగున చిన్న చేదు తగిలింది. అప్పటికి మంట లేదు. మర్నాడు మధ్యాహ్నానికి కింది పెదవి ఉబ్బి, నీటి బొబ్బ లేచింది.

ఆమె మొగుడు ఢిల్లేశ్వరరావు ఆ బొబ్బని చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఎండలో పెడితే అదే ఆరిపోద్ది. నువ్వు నోరెత్తకు."

"సంటి గుంటల నోట్లో ఎండెక్కడిది బావా?"

"లైసెన్సు ఆపేత్తారే! ఈల్లందరికీ ఏటి సెప్తావు? అయ్యకి ఏటి సెప్తావు, నీ వల్లే పోయిందనా?"

అప్పన్న గుమ్మంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. "నా పేరు సెప్పమ్మా, నన్ను అట్టుకెల్లమను," అన్నాడు. పిచ్చి ముసలాయన! ఆయన పేరు అడిగేదెవరు? గిలక్కాయ మీద ఉన్నది ఇంద్రజ నంబరు. పూసిన చెయ్యి ఏదైనా, జైలు ఊచలు ఆమె చుట్టూనే.

తెల్లవారి ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కింది. గోలలేకుండా పల్లె పల్లెకీ వెళ్ళి సరుకు తిరిగి తెచ్చేసుకుంటే లైసెన్సూ దక్కుతుంది, పిల్లలూ దక్కుతారని ఆశ. ఆశ అంటే ఏముంది, ఊపిరాడనివాడు కిటికీ వెతుక్కోవడమే. సుమ్మాదేవి ఊరు దాటాక వచ్చే పల్లెలో మొదటి అంగన్‌వాడీ. టీచరు జీవరత్నమ్మ పెద్దావిడ, నెమ్మదైన మనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"తిరిగి ఇయ్యడానికి నాకెక్కడ అధికారముందమ్మా? పైనుంచి ఆర్డరు రావాల. అయినా గుర్తున్న సరుక్కి ఏటొచ్చింది?"

"పూతలో తేడా ఉందండి. నా పెదవి సూడండి."

"అది జొరం పొక్కులాగుంది." జీవరత్నమ్మ ఒక గిలక్కాయ తీసి అరచేత్తో నిమిరింది. అరచెయ్యి నల్లగా ఉంది. ఆమె కూడా ఒకప్పుడు పిక్కలు కొట్టిందే. "సూడు, సుబ్బరంగా ఉంది."

ఇంద్రజకి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. అరుగు మీద స్వాతి అనే చిన్నవయసు తల్లి ఒళ్ళో బిడ్డ గిలక్కాయని చిగుళ్ళతో నములుతోంది. చొల్లు కారి మెడంతా తడిసింది. ఇంద్రజ ఆగలేక వెళ్ళి లాగేసుకుంది. బిడ్డ గుక్కపట్టింది.

"ఏటమ్మా ఇది, గుంట నోట్లోది లాక్కుంతావా?" స్వాతి లేచి, గిలక్కాయ గుంజుకుని, కొంగుతో తుడిచి మళ్ళీ బిడ్డకే ఇచ్చింది. "ఐఎస్‌ఐ మార్కుంది, నాకు సదువొచ్చులే!"

రెండేళ్ళు తిరిగి తెచ్చుకున్న గుర్తు. ఇప్పుడు దానిముందు ఆమె మాట చెల్లడం లేదు. తను కూడా ఇన్నాళ్ళూ జనానికి చెప్పిందదే కదా: మనిషిని నమ్మొద్దు, గుర్తు చూసి కొనండి అని. ఇంకా ఎన్నో పల్లెలు. ప్రతిచోటా ఇదే మాట, ఇదే అరచెయ్యి. కిటికీ మూసుకుపోయింది. ఇక మిగిలింది ఒకే తలుపు. దాని అవతల ఫ్యాక్టరీ పొగ.

ఫోను తీసి లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకి కలిపింది. అందరూ వినేలా స్పీకరు పెట్టింది.

"ఫిర్యాదండి. చిన్నపిల్లల గిలక్కాయ. పరీక్ష నెగ్గిన పూత కాదు, జీడి నూనె పూశారు. నోరు పొక్కుతుంది."

"ఎవరి మీదమ్మా ఫిర్యాదు?"

"నా మీదేనండి."

అవతలాయన మెల్లగా చెప్పాడు. సరుకంతా వెనక్కి తీసుకోమని ఆర్డరు వేస్తారు, మార్కు వాడకం ఆపేస్తారు. మళ్ళీ ఎప్పుడిస్తారో, ఇస్తారో లేదో ఆయన చెప్పలేడు. తెలిసే చెబుతున్నారా అని అడిగాడు.

"తెలుసండి," అంది. లైసెన్సు నంబరు కాగితం చూడకుండా చెప్పింది. ఆ అంకెలు ఆమెకి బిడ్డ పేరులా కంఠతా వచ్చు.

జీవరత్నమ్మ లేచింది. బిడ్డ చేతిలోని గిలక్కాయ తీసేసింది. ఈసారి స్వాతి అడ్డుపడలేదు. తనే బిడ్డ పెదవులు పైకెత్తి, చిగుళ్ళు చూసి, మళ్ళీ చూసింది.

"ఏటీ లేదు. ఎర్రగా కూడా లేదు. మరి... నిన్నటినుంచీ నోట్లోనే ఉంది. ఏటవుద్దమ్మా?"

ఇంద్రజకి తెలుసు. ఆ మంట వెంటనే కనబడదు, రేపు కనబడుతుంది. కనబడకపోనూ వచ్చు.

"బైట ఆటో ఉంది. పలాస ఆసుపత్రికి ఎల్దాం, పద. నేనెత్తుకుంటాను," అని చేతులు చాపింది.

స్వాతి ఆ నల్లటి చేతులవైపు చూసి, బిడ్డని వాటికి అందకుండా రెండో భుజం మీదికి మార్చుకుంది. తనే ముందు నడిచి ఆటో ఎక్కింది.