గడిలో ఒక్క విశేషణం

మొదట ‘డేంజరస్’ అని కొట్టి, రెండు నిమిషాలు దానివంకే చూసి, చెరిపేశాడాయన. ఆ చోట ‘ఇన్‌సెక్యూర్’ అని కొట్టాడు. అది మరీ మెతకగా అనిపించి దాన్నీ చెరిపేశాడు. గడి మళ్లీ ఖాళీ అయింది. నిఘంటువు గారికి ఇవాళ పొద్దున్నే పదాల పిచ్చి పట్టుకుందని పక్క బల్ల దగ్గర ఫైళ్ల గుమాస్తా నవ్వుకున్నాడు.

నిఘంటువు అన్నది ఆఫీసు పెట్టిన పేరు. పాత కట్టడాలను తనిఖీ చేసే ఆ ఆఫీసులో ఇరవయ్యారేళ్లుగా ఆయన టైపిస్టు. ఇంజనీరు వీధులన్నీ తిరిగి తెలుగులో నాలుగు ముక్కలు గిలికి తెస్తాడు. ఈయన వాటిని ఇంగ్లీషు రిపోర్టుగా మారుస్తాడు. కట్టడం స్థితి చెప్పే గడిలో మాత్రం ఒక్క విశేషణమే ఉండాలి. ఇన్‌సెక్యూర్ అంటే యజమాని మరమ్మతు చేయించాలి. అన్‌సేఫ్ అంటే అద్దెకున్నవాళ్లు ఖాళీ చెయ్యడానికి నెల గడువు. డేంజరస్ అంటే ఆ రోజే అందరినీ బయటికి పంపి తలుపులకు సీలు వేస్తారు. నిజానికి ఆ పదం ఎంచాల్సింది ఇంజనీరు. అతనికేమో ఇంగ్లీషంటే గుండె దడ. మీరే చూసి వేసెయ్యండి సార్ అని ఏనాడో అన్నాడు, అదే అలవాటైపోయింది. పై అధికారి సంగతి చెప్పనే అక్కర్లేదు, చదవకుండా సంతకం పెట్టడంలో ఆరితేరినవాడు.

నిఘంటువు గారు చూడ్డానికి ఏమంత ప్రత్యేకమైన మనిషి కాదు. సన్నటి మెడ, కాలరు దగ్గర చీకిపోయిన చొక్కా, ముక్కు మీదికి జారుతూ ఉండే కళ్లద్దాలు. ఆఫీసులో పదాలను అంత తూచి వేసే మనిషి, ఇంట్లో కూర బాగుందో లేదో చెప్పడానికి నీళ్లు నములుతాడని భార్య ఫిర్యాదు. ఇన్నేళ్లలో ఆయన డేంజరస్ అని వేసింది మూడంటే మూడుసార్లు. తన తొమ్మిదో ఏట ఇలాంటి కాగితమే వాళ్లింటికీ వచ్చింది. వానలో గిన్నెలన్నీ వీధిలో పెట్టి, తడుస్తున్న పరుపు మీద చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని ఆయన చీకటిపడేదాకా కూర్చున్నాడు. తీరా ఆ ఇల్లు ఆ తర్వాత పందొమ్మిదేళ్లు నిక్షేపంలా నిలబడింది. డేంజరస్ అన్న మాటంటే ఆయనకు అప్పటి నుంచీ ఒళ్లుమంట.

ఇవాళ్టి కాగితంలో ఇంజనీరు రాసింది రెండే వాక్యాలు. మూడంతస్తుల ఇంట్లో మెట్ల గోడ పగులులో అరచెయ్యి దూరుతోంది. నొక్కితే సున్నం రాలుతోంది. అరచెయ్యి అన్నచోట ఆయన ఆగి, తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

పదకొండింటికి ఆ ఇంటి పై అంతస్తులో ఉండే కుట్టుపనావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, జాకెట్టు భుజానికి దారంతో సహా సూది గుచ్చుకునే వచ్చేసింది. ఇంజనీరు చూసి వెళ్లిన దగ్గర్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదట. ఎవరో ఈయన బల్ల చూపించారట. కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నయ్యా, మా అమ్మ తుంటి విరిగి మంచం మీదుంది. ఇవాళ్టికివాళ దించమంటే ఎక్కడికని దించను? ఒక్క నెల ఇప్పించండి, చాలు.”

మెట్లు ఎలా ఉన్నాయని అడిగాడు.

“ఎలా ఉంటాయి, రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతూనే ఉన్నాను కదా.”

ఆయనకు తడిసిన పరుపు గుర్తొచ్చింది. ఆమె చూస్తుండగానే అన్‌సేఫ్ అని కొట్టాడు. నెల ఉంటుందనీ, ఇల్లు వెతుక్కోవడం, సామాను సర్దుకోవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టమనీ చెప్పాడు. ఆమె ఏడ్చేసింది. ఆ పూట ఆయన కడుపునిండా భోజనం చేశాడు. తన చేతిమీదుగా ఒక మంచిపని జరిగిందనుకున్న రోజులు ఆయన ఉద్యోగంలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

నాలుగింటికి ఫోను మోగింది. గుమాస్తా ఎత్తి, విని, పెట్టేశాడు. పొద్దున రిపోర్టు వెళ్లిన ఇంట్లో మెట్లు కూలాయన్నాడు. పై అంతస్తులో ఉండే కుట్టుపనావిడట, ఏవో చేతపట్టుకుని ఎక్కుతోందట, అక్కడికక్కడే పోయిందట.

నిఘంటువు గారికి మాటలు వినబడ్డాయి గానీ తలకెక్కలేదు. ఎక్కాక ఆయన లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎవరూ లేవనెత్తలేదు.

పై అధికారి ఉరుకులు పరుగుల మీద వచ్చి రిపోర్టు తెప్పించుకున్నాడు. తాను సంతకం చేసిన కాగితాన్ని మొదటిసారి చదివాడు. మొహం తేటపడింది.

“మనం పొద్దున్నే అన్‌సేఫ్ అని రాసిచ్చాం. మనకే ఇబ్బందీ లేదు. నిఘంటువు గారూ, కాపాడారు.”

అంటూ భుజం తట్టాడు. ఇంజనీరు బల్ల మీంచి తల ఎత్తలేదు. ఈయన మాత్రం ఎవరికీ చెప్పకుండా బయటపడ్డాడు. ఇరవయ్యారేళ్లలో తాను పదం వేసిన ఇంటిని చూడ్డానికి వెళ్లడం ఆయనకదే మొదలు.

ఆయన చేరేటప్పటికే ఆమెను తీసుకెళ్లిపోయారు. మెట్లుండాల్సిన చోట ఆకాశం కనబడుతోంది. పై అంతస్తు తలుపు గాలిలోకి తెరుచుకుని ఉంది. ఫైరింజను నిచ్చెన మీదుగా ముసలమ్మను కుర్చీకి కట్టి దించుతున్నారు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. కింద పెట్టగానే చుట్టూ మొహాలు చూసి, దగ్గరగా నిలబడ్డ ఈయన చొక్కా పట్టుకుంది.

“మా అమ్మాయేది బాబూ? టైపు కొట్టే అన్నయ్య మంచివాడు, నెల ఇప్పించాడని చెప్పి ఇప్పుడే బజారుకెళ్లింది.”

ఆ అన్నయ్య తనేనని చెప్పాలనుకున్నాడు. చొక్కా విడిపించుకోవడానికి చెయ్యి రాలేదు. అంబులెన్సువాళ్లే వచ్చి ముసలమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి తీసుకెళ్లారు.

జనం పలచబడ్డాక ఆయన శిథిలాల దగ్గరికి వెళ్లాడు. ఖాళీ అట్టపెట్టెలు నాలుగు నలిగి పడున్నాయి. సర్దుకోవడం ఆమె ఆ రోజే మొదలుపెట్టింది, తాను చెప్పినట్టే. ఇటుకల మధ్య కొత్త జనపతాడు చుట్ట ఒకటి, కొట్టువాడు వేసిన ముడి విప్పకుండానే పడి ఉంది.