రెండు లక్షల పదివేల దొంగ జతలు

"మీ జవాబే తప్పు సార్!"

చాంపియన్ కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. ప్రోగ్రామింగ్ పోటీ ఫైనల్ మొదలై మూడు నిమిషాలే అయింది. అతని జవాబు పక్కన ఎర్ర గుర్తు పడింది. హాల్లో అరవై కీబోర్డులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

చీఫ్ జడ్జి గడియారం ఆపించి నా మీద విరుచుకుపడ్డాడు. "ఏంటమ్మా ఇది? లెక్క తయారుచేసింది నువ్వు. తప్పు నీదని తేలితే రేపట్నుంచి గుమ్మం తొక్కనివ్వను."

"తప్పు నాది కాదు సార్. మైకు ఇప్పించండి."

ఈ ఎర్ర గుర్తు కోసం ఏడాది కాచుకున్నాను. కిందటేడు ఇదే ఫైనల్లో చాంపియన్ ప్రోగ్రామూ మా తమ్ముడి ప్రోగ్రామూ అక్షరం పొల్లుపోకుండా ఒకటయ్యాయి. రాసింది తమ్ముడు. దొంగ అనిపించుకున్నదీ వాడే. మూడేళ్ళ నిషేధం. ఇప్పుడు సెల్‌ఫోన్ షాపులో అద్దాలు అతికిస్తున్నాడు. పోటీ మధ్యలో వాడు రాసింది చూడగలిగేది కమిటీలోని ముగ్గురు పరిశీలకులే. అందుకే ఈసారి లెక్క తయారుచేసే పని అడిగి మరీ తీసుకున్నాను.

లెక్క చూడ్డానికి చిన్నదే. ఫైల్లో రెండు లక్షల సంఖ్యలు. కంప్యూటర్ లోపల ప్రతి సంఖ్యా వెలిగే, ఆరే దీపాల వరుస. రెండు సంఖ్యలకు అండ్ చేస్తే, అంటే రెండింట్లోనూ వెలిగే దీపాలే ఉంచితే వచ్చేది, ఎక్సార్ చేస్తే, అంటే ఒక్కదాంట్లోనే వెలిగేవి ఉంచితే వచ్చేదానికంటే తగ్గకూడదు. అలాంటి జతలెన్ని? వెలిగే దీపాల్లో అన్నిటికంటే ఎడమది రెండింట్లోనూ ఒకే చోట ఉంటే జత కుదిరినట్టే. కాబట్టి ఆ దీపాన్ని బట్టి గుంపులు కడితే క్షణంలో పని. చిక్కల్లా సున్నాతో. దానికి వెలిగే దీపమే లేదు. సున్నాలు సున్నాలతోనే జతకట్టాలి.

ఈసారీ ఆ ముగ్గురు పరిశీలకులే ముందుగా ఎవరికి వారు ఈ లెక్క చేసి నా జవాబుతో సరిచూడాలి. అది పద్ధతి. ముగ్గురికీ మూడు వేర్వేరు తప్పు జవాబులు పంపాను.

లెక్కల మేడమ్ గంటలో ఫోన్ చేసింది. "సున్నాలన్నిటినీ మింగేశావేంటే? ఆకలేసిందా?"

సర్వర్లు చూసే అన్న మర్నాడు నవ్వాడు. "చెల్లెమ్మా, నీ లెక్కలో ప్రతి జతా రెండుసార్లు వచ్చింది. కళ్ళజోడు మార్చు."

మూడో పరిశీలకుడు మా అక్క మొగుడు. బావకి పంపినదాంట్లో సున్నాల్ని ఒకట్ల గుంపులో కలిపేశాను. "అంతా ఓకే" అని సంతకం పెట్టి పంపాడు. బద్ధకం దొంగతనం కాదు. అందుకే నోరు మూసుకుని ఈ రోజు దాకా ఆగాను.

మైకు చేతికొచ్చింది.

"చాంపియన్ గారూ, మీ జవాబు అసలు జవాబు కంటే సరిగ్గా రెండు లక్షల పదివేలు ఎక్కువ. ఏడు వందల సున్నాల్ని మూడు వందల ఒకట్లతో కలిపేశారు."

"పొరబడ్డాను. మనిషన్నాక పొరబడడా?"

"పొరబడతాడు. సంఖ్యల ఫైలు తెరవకుండానే ఎలా పొరబడ్డారు?"

సర్వర్ అన్న పెద్ద తెర మీద జాబితా వేశాడు. చాంపియన్‌కి ఎదురుగా, ఫైలు దించుకున్న సమయం ఉండాల్సిన గడి ఖాళీ.

చాంపియన్ పరిశీలకుల వరుస వైపు తిరిగాడు. "కిందటేడు ఇచ్చింది సరిగ్గానే ఉందిగా సార్! ఈసారీ సరైందే అన్నారు..." నాలుక కరుచుకున్నాడు.

హాలంతా గగ్గోలైంది. బావ చొక్కా చేతులు మడుస్తూ వేదికెక్కాడు. "ఇచ్చిందెవడో చెప్పు మరదలా, తోలు ఒలిచేద్దాం!"

"ఈ తప్పు జవాబు నేను ఒక్కరికే పంపాను బావా. మిగతా ఇద్దరికీ వేరేవి."

మడుస్తున్న చెయ్యి ఆగింది. నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మీ అక్క మొహం చూసైనా ఆగు."

"తమ్ముడి మొహం చూస్తూ ఏడాది ఆగాను."

చీఫ్ జడ్జి మా ఇద్దరి మధ్యకొచ్చాడు. "ఎవరికి పంపావమ్మా? అందరికీ వినబడేలా చెప్పు."

మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"ఇదిగో, ఈయనకే సార్. కిందటేడు తమ్ముడి ప్రోగ్రాం దొంగిలించిందీ, ఈ జవాబు చేరవేసిందీ మా బావే."