లొరెయిన్ ఎవరికీ ఇవ్వని మొక్క

కొమ్మలు వేరు పట్టినప్పుడు టెస్సా ఎంత మురిసిపోయిందో, ఆకులు పసుపెక్కడం మొదలయ్యాక అంతగా కుంగిపోయింది. పొయ్యికి కాస్త ఎడంగా, బల్ల మీద ట్రేలో, చిన్న చిన్న కుండీల్లో నిలబడ్డ గంజాయి కొమ్మలవి. తెల్లటి వేళ్లు కనబడగానే మట్టిలోకి మార్చింది. గండం గడిచిందనుకుని పైనున్న ప్లాస్టిక్ మూత తీసేసింది. బాగా ఎదగాలని లైటు కిందికి దించింది. అంతే, కింది ఆకులు ముందు వెలిశాయి, తర్వాత పసుపు తిరిగాయి. ఆ పసుపు పైకి పాకుతోంది.

బయట వాన. ఈ కొండల్లో శీతాకాలం వాన పట్టుకుంటే మనిషికి మనిషి కనపడడు. దిగువన కొండచరియ విరిగి దారి మీద పడింది, ట్రక్కు కదిలే వీల్లేదు. మొగుడు రోవన్ పీతల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. ఇంట్లో తనూ, ఇంకా మాటలు రాని కూతురు ఫెర్నూ. ఒక్కోసారి పొద్దున్నుంచి సాయంత్రందాకా తన గొంతు తనకే వినపడేది కాదు. అప్పుడు ఊరికే పైకి అనుకునేది, "కట్టెలు తేవాలి," అనో, "పాలు వెచ్చబెట్టాలి," అనో.

కొమ్మలు పోతే కొమ్మలే కదా అనుకోవడానికి లేదు. అవి అత్తగారు లొరెయిన్ మొక్కవి. విత్తనం మీద నడిచే వంశం కాదది. ఏటా కొమ్మ కత్తిరించి, వేరు పట్టించి, దాని కొమ్మ మళ్లీ కత్తిరించి, రోవన్ పుట్టకముందు నుంచీ ఆ ఒక్క మొక్కనే బతికించుకుంటూ వచ్చిందావిడ. పోలీసు హెలికాప్టర్లు కొండల మీద తిరిగి గంజాయి తోటలు నరికించే రోజుల్లో కూడా అడవిలో దాచి కాపాడింది. "కొమ్మ ఒకరికిచ్చామంటే ఇంటి దారి చూపించినట్టే," అనేది. తర్వాత చట్టం మారింది, ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకుంటే అడిగేవాడు లేడు. లొరెయిన్ మాట మాత్రం మారలేదు.

కడుపుతో ఉండి బడి మానేసిన టెస్సాను సొంత తల్లి గుమ్మం తొక్కనివ్వకపోతే, ఈ లొరెయినే చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకుంది. ఆకులు రాలే కాలంలో కన్ను మూస్తూ, కొడుకుతో కాదు, కోడలితో అంది, "దాన్ని చూసుకో." మొన్నటి తుఫానుకి ఇంటికి కరెంటిచ్చే బ్యాటరీలు కొన్నాళ్లు పనిచెయ్యక, చలికి తల్లిమొక్క కాస్తా వాలిపోయింది. దొరికినన్ని కొమ్మలు కోసి తెచ్చుకుంది టెస్సా. ఇక లోకంలో ఆ మొక్క అన్నది ఈ ట్రేలోనే ఉంది.

పసుపెక్కితే ఆకలి అని లొరెయిన్ చెప్పిన గుర్తు. వసారాలో పీపా నిండా చేపల ఎరువు ఉంది. తెల్లారగానే నీళ్లలో కలిపి పోసింది. తగ్గలేదు. ఇంకాస్త చిక్కగా పోసింది. ఆకుల కొసలు మాడి, గద్ద గోళ్లలా కిందికి వంకర తిరిగాయి. పసుపు ఆకులు చూడలేక గిల్లి పారేసింది. కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగింది. రోవన్ వచ్చి, "అమ్మ మొక్కేదీ?" అంటే ఏం చెప్పాలో ఊహకు అందలేదు.

ఏరు అవతల బెర్నిస్ ఉంది. లొరెయిన్‌కీ ఆవిడకీ మాటల్లేవు, ఎందుకో టెస్సాకు తెలియదు. వాన తెరిపి ఇవ్వగానే ఒక కుండీని కోటులో దాచుకుని, ఫెర్న్‌ని వీపున కట్టుకుని, ఏటి మీద దుంగ దాటింది.

కుక్క అరిచింది. వసారాలో పుల్లలు చీలుస్తున్న ముసలామె తలెత్తలేదు.

"ఎవరైనా సరే వెనక్కి తిరగండి. కుక్కకి ఇంకా తిండి పెట్టలేదు."

"నేనండీ, టెస్సాని. లొరెయిన్ కోడల్ని."

"తెలుసులే. ఆ నెత్తిమీది టోపీ లొరెయిన్‌దే. కుక్క అరుస్తోంది కూడా అందుకే." గొడ్డలి కింద పెట్టింది. "పిల్లని తడిపేశావు కదే! లోపలికి తగలడు."

ఫెర్న్ చేతిలో మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టి, కుండీని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది బెర్నిస్.

"ఏం పోస్తున్నావు దీనికి?"

"చేపల ఎరువు. రోజూ పొద్దున్నే."

"ఓరి నాయనో! పురిటిబిడ్డకి పెళ్లిభోజనం పెడుతున్నావటే?"

"లొరెయిన్ అలాగే పోసేది."

"ఆవిడ పోసింది కొండ మీద నా కంటే ఎత్తు పెరిగిన వాటికి. దీనికి వేళ్లేవీ? పడుచుపిల్లాడి మీసంలా నాలుగు పోచలు. మూత ఎందుకు తీశావు?"

"వేరు పట్టింది కదా అని..."

"ఇన్నాళ్లూ ఆవిరిలో పెరిగినదాన్ని ఒక్కసారిగా పొడి గాలిలోకి తోశావు. పైన ఎండలా లైటు. ఇంటికెళ్లి మూత పెట్టు, రోజుకి కాస్త కాస్తగా తెరువు. లైటు పైకి ఎత్తు. వట్టి నీళ్లు పోసి ఆ ఎరువంతా అడుగునుంచి కారిపోనియ్యి. ఆ తర్వాత కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటేనే నీళ్లు. కొత్తగా చిగురేసిందాకా ఎరువు ఊసెత్తకు, అప్పుడైనా పల్చగా."

"పసుపు ఆకులు గిల్లేస్తున్నా."

"గిల్లకు! అది దాని చద్దిమూట. అది తినే కొత్త ఆకు వేస్తుంది. పసుపైంది మళ్లీ పచ్చబడదు, దానికేసి చూసి ఏడవకు. నడిమి చిగురు చూడు."

"ఇంకేం చెయ్యాలి?"

"ఇంకేం చెయ్యకూడదు. నీకు కష్టం అదే, మొహం చూస్తేనే తెలుస్తోంది."

టెస్సా లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "లొరెయిన్‌తో మీకెందుకు చెడింది?"

బెర్నిస్ కుక్క చెవి నిమిరింది. "మా ఆయన ఎమెట్‌కి ఎముకల నొప్పి. వేరే ఎవరి సరుకూ పనిచెయ్యలేదు, మీ అత్త మొక్కతోనే నిద్రపట్టేది. అడిగినప్పుడల్లా ఎండిన పూత ఇచ్చేది, కాదనను. కొమ్మ ఒక్కటివ్వు, నేనే పెంచుకుంటానన్నాను. ఇవ్వలేదు. ఆ ఏడు శీతాకాలం ఏరు పొంగింది. దుంగ కొట్టుకుపోయింది, అవతలికి వెళ్లి తెచ్చే దారి లేదు, ఎమెట్‌కి నిద్ర లేదు." ఫెర్న్ మూతి తుడిచింది. "వెళ్లు, మళ్లీ మబ్బేస్తోంది."

ఇంటికొచ్చి చెప్పినట్టే చేసింది టెస్సా. చెయ్యడం తేలికే, ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడమే ప్రాణం తీసింది. మూత లోపల చెమట చుక్కలు, వాటి వెనక మసకగా పసుపు. చెయ్యి బల్ల వైపు పోయినప్పుడల్లా వెనక్కి లాక్కునేది. బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది. వాన మళ్లీ పట్టుకుంది. రోవన్ నుంచి కబురు లేదు. కొన్ని కొమ్మలు మొదలు దగ్గర నల్లబడి మెత్తగా ఒరిగిపోయాయి, వాటిని తీసి పొయ్యిలో వెయ్యడానికి మనసొప్పక, తలుపు తీసి వానలోకి విసిరేసింది.

చివరికి ఒక పొద్దున మూత ఎత్తి చూస్తే, పసుపు ఆకుల నడుమ చిగురు లేత పచ్చగా, నిటారుగా ఉంది. పక్కదానికీ అంతే. మొత్తం మూడు బతికాయి.

"ఫెర్న్! చూడవే!" అని అరిచింది. పిల్ల నిద్రలో ఒకసారి కదిలి అటు తిరిగింది. ఆ సంతోషాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక టెస్సా గది మధ్యలో నిలబడిపోయింది. ఎవరికైనా చెప్పాలి. ఆ మాట అనుకోగానే లొరెయిన్ గొంతు చెవిలో పడింది, ఇంటి దారి చూపించినట్టే అని. ఈ ఇంటి దారి తెలిసిన మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండు అనిపించింది టెస్సాకు.

బతికిన మూడింట్లో బలంగా ఉన్నది ఏరి కోటులో పెట్టుకుంది.

బెర్నిస్ కుండీని చూసి చెయ్యి చాపలేదు. "నాకెందుకే ఇప్పుడు? ఎమెట్ పోయి ఎన్నేళ్లయింది!"

"మీకోసం కాదు. మా ఇంట్లోవి చచ్చిపోతే ఏరు దాటొచ్చి అడుక్కోవడానికి ఒకళ్లుండాలి."

"లొరెయిన్ చూస్తే నీ వీపు చీరేసేది."

"చూడదుగా," అంది టెస్సా. అలా పైకి అనడం అదే మొదటిసారి. కుండీని ఇంకాస్త ముందుకి చాపింది.

బెర్నిస్ కిటికీ గట్టు మీది సీసాలు ఒక పక్కకి జరిపి, కుండీని అందుకుని, అక్కడ పెట్టింది. తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. టెస్సా ఉన్న సంగతే మరిచిపోయినట్టు దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

టెస్సా చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చింది. వీపు మీద ఫెర్న్ బరువుగా నిద్రపోతోంది. దుంగ మీద అడుగులో అడుగు వేస్తూ, ఈపాటికి ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంటుంది, వెళ్లగానే రాజెయ్యాలి అనుకుంది.