కాసులపేరు మీద నూట పదహార్ల పాట

వేలం సైట్లో మసక ఫొటో పెట్టి "వస్తువు చాలా బాగుంటుంది" అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. కొనేవాడు వస్తువుని చేత్తో పట్టుకుని చూడలేడు. ఆ పని మన ఫొటో చెయ్యాలి. పగటి వెలుతురులో తియ్యాలి, ముందూ వెనకా తియ్యాలి, గీత పడి ఉంటే ఆ గీతనే ముందు చూపించాలి. కొనేవాళ్ళయితే తొందరపడి పాట పెంచకూడదు, ఆఖరి నిమిషం దాకా గుండె చిక్కబట్టుకుని కూర్చోవాలి. ఇలాంటివన్నీ చిన్న చిన్న వీడియోలు చేసి ఫోన్లో పెడుతుంటాను. బందరు శ్రీలేఖ చిట్కాలంటే ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళలో చాలామందికి తెలుసు. నా నోరు కూడా వాళ్ళకి బాగానే తెలుసు.

నా సరుకు పాత గిల్టు నగలు. చిలకలపూడి రోల్డ్ గోల్డు పుట్టిన ఊరు మాది, ఏ ఇంట్లో చూసినా డబ్బాల్లో పాత వడ్డాణాలూ వంకీలూ పడి ఉంటాయి. అవి కొని, శుభ్రం చేసి వేలానికి పెడతాను. కూచిపూడి ఆడే పిల్లలు కొంటారు, నాటకాలవాళ్ళు కొంటారు, పాత పనితనం మీద మోజున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కొంటారు.

మా వైపు కాస్త ఉన్న కుటుంబాల్లో ప్రతి నగా రెండేసి ఉంటాయి. అసలుది బ్యాంకు లాకర్లో నిద్రపోతుంది. అచ్చం దానిలాంటి గిల్టుది ఇంట్లో ఉంటుంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ డూప్లికేటే వేసుకెళ్తాం. ఎదుటివాళ్ళు వేసుకున్నదీ డూప్లికేటే అని మనకి తెలుసు, మనది వాళ్ళకి తెలుసు, ఎవరూ అడగరు. నాన్న పోయాక పంపకాల్లో చేపల చెరువు మా తమ్ముడు ఉదయ్ కిరణ్‌కి, అమ్మ కాసులపేరు నాకూ వచ్చాయి. మా మేనమామ ధనుంజయరావు అందరి ముందూ గుడివాడ బ్యాంకు లాకరు తెరిపించి, కాసులపేరు తీసి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని అటునుంచి అటే తీసుకెళ్ళి బందరులో నా లాకర్లో పెట్టేశాను. దాని డూప్లికేటు మాత్రం అమ్మ దగ్గరే ఉండిపోయింది.

అమ్మ పేరు మాణిక్యమ్మ. గుడివాడలో ఇంటి ముందు గదిలో చీరలమ్ముతుంది. ఆ డూప్లికేటు వేసుకునే కూరలకి వెళ్తుంది, బస్సెక్కుతుంది, సినిమాకీ వెళ్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు కందిపప్పు డబ్బాలో పడేస్తుంది. మొన్నామధ్య నేను వెళ్ళినప్పుడు అమ్మ చీరల బేరంలో ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి కాసులపేరు తీసి బ్యాగులో వేసుకుని వచ్చేశాను. అడగలేదు. డూప్లికేటుకి అడిగేదేముందని అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే డాబా మీద ఎండలో ఫొటోలు తీసి సైట్లో పెట్టాను. "పాతకాలపు చిలకలపూడి గిల్టు కాసులపేరు. గట్టి పని. చేతికి బరువుగా ఉంటుంది" అని గొప్పగా రాశాను. పాట ఐదు వందల నుంచి మొదలు, వారం రోజుల గడువు.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"నా డబ్బాలో గొలుసు నువ్వుగానీ తీశావా అమ్మా?"

"తీశాను. వేలానికి పెట్టాను. నీకు కొత్తది చేయిస్తాలే, ఇంకా తళతళలాడుతుంది."

"నాకు కొత్తదొద్దే. అది తెచ్చి ఇచ్చెయ్యి."

"పాట మొదలయ్యాక వెనక్కి తీసుకోకూడదమ్మా. తీసుకుంటే నా ఖాతా మూసేస్తారు. గిల్టు గొలుసు కోసం నా వ్యాపారం పోగొట్టుకోమంటావా?"

అమ్మ ఆ వేలం ఏ సైట్లో జరుగుతుందో చెప్పమంది. నా వ్యాపారం మీద ఇన్నాళ్ళకి ఆసక్తి కలిగిందని సంతోషపడి చెప్పాను.

మొదటి పాట ఐదు వందల పదహార్లకి వచ్చింది. చూసి నవ్వుకున్నాను. వేలంలో గుండు సున్నాలతో పాడేవాళ్ళని చూశాను, పది రూపాయలు పెంచి పాడేవాళ్ళని చూశాను గానీ పెళ్ళి చదివింపుల్లా పదహార్లు పెట్టి పాడేవాళ్ళని చూడలేదు. ఎవరో మనవాళ్ళే, నాగాయలంక రొయ్యల రైతు పెళ్ళాం కోసం సరదాపడుతున్నాడేమో అని మా ఆయన విక్రమ్ అన్నాడు. సైట్లో పాడేవాళ్ళ పేర్లు కనపడవు, చుక్కలే కనపడతాయి.

ఇంకెవరో వెయ్యి అన్నారు. వెంటనే వెయ్యి నూట పదహార్లు. అవతలివాళ్ళు ఐదువేలు అన్నారు. గంట కూడా కాకుండా ఐదువేల నూట పదహార్లు. ఇలా ఇద్దరే పాడుతూ పోయారు. నాలుగో రోజుకి పాట యాభై వేలు దాటింది. గిల్టు వస్తువుకి అంత ధర నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మొదట గాల్లో తేలాను. విక్రమ్‌కి చూపించి మురిసిపోయాను. తర్వాత, ఎక్కడైనా తప్పు రాశానేమోనని రాసినదంతా మళ్ళీ చదువుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం, అవతల గుండు సున్నాలతో పాడుతున్న మనిషి నాకో ప్రశ్న పంపాడు. వెనక కొక్కెం దగ్గర ఫొటో ఇంకాస్త దగ్గర నుంచి తీసి పెట్టగలరా అని. గిల్టు కొనేవాళ్ళు అక్కడే చూస్తారు. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని కొక్కెం దగ్గర పూత పోయి లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది. అది చూపించడమే నిజాయితీ అని నా వీడియోలో నేనే చెప్పాను. కాసులపేరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాను.

కొక్కెం అరిగి సన్నబడిపోయింది. ఎక్కడా ఎరుపు లేదు. ఎంత అరిగినా పచ్చగానే ఉంది.

పుట్టినప్పట్నుంచీ గిల్టు మధ్యనే పెరిగిన దాన్ని. ఈ గొలుసుని చిన్నప్పట్నుంచీ వెయ్యిసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ పరీక్షగా చూడలేదు. డూప్లికేటుని ఎవరు పరీక్షగా చూస్తారు?

ఫొటో పంపలేదు. మా సందు చివర కంసాలి రామ్‌ప్రసాద్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన గీటురాయి మీద గీసి, ఆ గీత మీద చుక్క ఆమ్లం వేసి చూశారు.

"మంచి బంగారం అమ్మా. ఈ రోజుల్లో ఇంత నాణ్యం దొరకదు. ఎవరిదండీ ఇది?"

"మా అమ్మది" అన్నాను.

ముందు నాకొచ్చిన ఆలోచన, పాపం అమ్మకి తెలియదు, బంగారాన్ని పప్పులో పెట్టుకుని తిరుగుతోంది అని. పది అడుగులు వేశానో లేదో రెండో ఆలోచన వచ్చింది. ఇది అసలుదైతే నా లాకర్లో ఉన్నదేమిటి?

బ్యాంకు మూసే వేళకి ముందు వెళ్ళి లాకరు తెరిచాను. మొఖమల్ గుడ్డలో చుట్టిన కాసులపేరు తీసి, ఒక కాసు వెనక తాళం చెవితో గట్టిగా గీశాను. ఎర్రగా గీత పడింది. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. లాకరు గది ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఏమైంది మేడమ్ అని అడిగింది. ఇన్నేళ్ళూ అద్దె కట్టి రాగిని దాచుకున్నానని చెప్పనా?

అప్పుడు ఫోన్ మోగింది. కొత్త పాట. లక్షా నూట పదహార్లు.

నా ఫొటోలు చూసి అది బంగారమని పోల్చుకున్నవాడు ఆ గుండు సున్నాల మనిషి, సరే. మరి మొదటి రోజు నుంచీ, ఇంకెవరూ పాడకముందే, దాని వెంటపడిన మనిషికి ఎలా తెలుసు? పప్పు డబ్బాలోది అసలుదని తెలియాలంటే లాకర్లోది కాదని తెలిసి ఉండాలి. అలా తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉండాలి. శుభమా అని ఇచ్చే డబ్బు సున్నాతో ముగియకూడదని నన్ను చిన్నప్పట్నుంచీ సతాయించిన మనిషి.

గుడివాడ బస్సెక్కాను. పాట గడువు సాయంత్రం ఆరుగంటలకి. పెడన దాటేదాకా ఒకటే కోపం. తమ్ముడికి చెరువు నిజంది, నాకు గొలుసు అబద్ధంది. కన్నతల్లి, అందరి ముందు, కళ్ళల్లోకి చూస్తూ. అనాల్సిన మాటలన్నీ బస్సులోనే కూడబలుక్కున్నాను. పక్కన కూర్చున్నావిడ నా మొహం చూసి కాస్త అటు జరిగింది.

నేను వెళ్ళేసరికి అమ్మ చీరల కట్టల మధ్య కింద కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళో ఉంది. తలెత్తి నన్ను చూసి, నా చేతిలో బ్యాగు చూసి, ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

"రెండు లక్షలంటున్నాడే వాడు. బ్యాంకులో నా డిపాజిట్టు మొత్తం అంతే. ఇంక పాడలేను" అంది.

"వాడు పెంచినప్పుడల్లా వెంటనే పెంచుతారా ఎవరైనా? నువ్వలా పెంచబట్టే వాడు అంత దాకా వచ్చాడు." కూడబలుక్కున్న మాటల్లో ఇది లేదు. నోరు దాని అలవాటు కొద్దీ అనేసింది.

"ఆఖరి నిమిషం దాకా ఆగమని నువ్వు చెప్పిన వీడియో చూశాను. నీవన్నీ చూసే నేర్చుకున్నాను. ఆగే గుండె నాకెక్కడిదే."

నేను బ్యాగులోంచి రెండు కాసులపేర్లూ తీసి చాప మీద పెట్టాను. లాకర్లోదానికి నేను గీసిన ఎర్రటి గీత పైకి కనపడుతూ ఉంది. అమ్మ దాన్ని చూసి కళ్ళు మూసుకుంది.

"నాకిది ఎందుకిచ్చావు?"

"నేనివ్వలేదే. మా అన్నయ్య తీసి ఇచ్చాడు." అమ్మ గొంతు తగ్గించి చెప్పుకుపోయింది. "మా అమ్మ తన మెడలోంచి తీసి నా మెళ్ళో వేసింది అది. మీ నాన్న దాన్ని లాకర్లో పెట్టాలన్నారు. నాకు ప్రాణం ఒప్పలేదు. డూప్లికేటు చేయించి దాన్నే లాకర్లో పెట్టించి, అసలుది గిల్టని చెప్పుకుని వేసుకు తిరిగాను. దొంగ కూడా దాని వంక చూసేవాడు కాదు. మీ నాన్న ఉన్నట్టుండి పోతారనీ, పెద్దమనుషులు లాకరు తెరుస్తారనీ నేననుకున్నానా? అన్నయ్య తీసి నీ చేతిలో పెట్టినప్పుడు మీ తమ్ముడి అత్తవారు కూడా అక్కడే ఉన్నారు. మొగుడి కళ్ళు కప్పిందని వాళ్ళ ముందు అనిపించుకోలేక నోరు మూసుకున్నాను."

"ఆ తర్వాత చెప్పొచ్చుగా? ఫోన్ చేసిన రోజైనా చెప్పొచ్చుగా?"

అమ్మ ఫోను వంక చూసింది. ఇంకో పావుగంట ఉంది గడువు. ఆరయితే అది వాడిదే, నేను నా చేత్తో డబ్బాలో పెట్టి పంపాలి. లేదంటే మాట తప్పిన అమ్మకందారునని నా పేరు పక్కన ముద్ర పడుతుంది. మా అమ్మమ్మ మెడలోది, ఎవడో ఊరూ పేరూ తెలియనివాడికి. ఆలోచించడానికి ఏమీ లేదు. నా ఫోను తీసి పాట రద్దు చేశాను. సైటు రెండుసార్లు ఖాయమేనా అని అడిగింది, ఖాయమేనన్నాను. మూడో నిమిషంలో నా ఖాతా మూసేసినట్టు సందేశం వచ్చింది. ఎన్నో ఏళ్ళు కష్టపడి పెంచుకున్న వ్యాపారం ఆ ఒక్క నొక్కుడుతో పోయింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కోపమూ ముంచుకొచ్చింది, రెంట్లో ఏది ముందో తెలియలేదు.

"చెప్పాలనే అనుకున్నాను" అంది అమ్మ, ఫోను పక్కన పెట్టి. "నువ్వు దాన్ని వేసుకుంటే చాలనుకున్నాను. ఒక పూట వేసుకుంటే చెమటకి మెడ దగ్గర మరక పడుతుంది, నీకు తెలిసిపోతుంది, నువ్వు మండిపడుతూ నా మీదకొస్తావు, అప్పుడు మారు మాట్లాడకుండా అసలుది తీసి ఇచ్చేద్దామని చూశాను. చెప్పే ధైర్యం లేదు, తిట్లు తినే ధైర్యం ఉంది. ఇన్నేళ్ళలో ఏ పెళ్ళికెళ్ళినా ముందు నీ మెడ వంకే చూసేదాన్ని. కాసులపేరు ఉండేది. దగ్గరికొచ్చి చూస్తే అది ఇంకోటి."

నిజమే. అమ్మ ఇచ్చినది పోతుందేమోనని నేను దానికి చిలకలపూడిలో డూప్లికేటు చేయించుకున్నాను. గిల్టుకి గిల్టు చేయించి, ఆ గిల్టు వేసుకుని ఊరంతా తిరిగాను.

"ఇప్పుడైనా తిట్టవే" అంది అమ్మ. అసలుది తీసి నా ఒళ్ళో పెట్టింది. "నా భారం దిగుతుంది."

తిట్టడానికి నాకెప్పుడూ మాటలు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆ సాయంత్రం ఒక్క మాటా దొరకలేదు. అన్ని పెళ్ళిళ్ళలో అమ్మ నా పక్కకి వచ్చి నిలబడి, నా పవిట సర్దే వంకతో మెడ తడిమి చూసి వెళ్ళడం ఒకటొకటిగా గుర్తొస్తోంది. చీర నలిగిపోతుంది తప్పుకోమ్మా అని ప్రతిసారీ విసుక్కున్నాను. ఒక్కసారైనా ఆవిడ మొహం వంక చూసినట్టు మాత్రం గుర్తు రాలేదు.