ఆర్డిస్ అడిగి తీసుకున్న వంతెన

"ఆ తుప్పు కుప్పని పాత ఇనుము కింద అమ్మేద్దాం. ఎవరికైనా అభ్యంతరముందా?" అని కౌంటీ బోర్డు అధ్యక్షుడు డ్వేన్ టోలెఫ్సన్ అడిగాడు.

వెనక బెంచీలోంచి ఆర్డిస్ క్వామ్ లేచింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, డ్వేన్ తల్లికి స్వయానా అక్క.

"నాకుంది."

అయోవా పల్లెల్లో ఉక్కు చట్రాల వంతెనలు ఒక్కొక్కటే మాయమవుతున్న రోజులవి. ఎల్క్ ఏటి మీది ఈ వంతెనకి 1908లో ఆర్డిస్ తాతే రైలు స్టేషన్ నుంచి గుర్రపు బళ్ళ మీద కమ్మీలు తోలాడు. యాభై ఒకటి వరదలో అది కొట్టుకుపోకుండా ఆమె తండ్రీ ఇరుగుపొరుగులూ రాళ్ళు నింపిన బళ్ళని దాని మీద బారుగా నిలిపి అణిచిపట్టారు. తర్వాత లారీల బరువు పెరిగింది, వంతెన బలం తగ్గింది. చివరికి దారి మూసేస్తూ రెండు వైపులా అడ్డుగోడలు లేచాయి.

"నాలుగు మైళ్ళ దిగువన కాంక్రీటుది కట్టాం కదా పెద్దమ్మా. ఇంకా దీన్ని పట్టుకు వేలాడతావేం?"

"మోసుకుపోయేవాళ్ళుంటే ఊరికే ఇస్తామని పేపర్లో వేయించింది నువ్వేగా? నాకివ్వు."

గదంతా గొల్లున నవ్వింది.

"ఎక్కడ పెడతావ్? వంటింట్లోనా?"

"నా వంటింటి సంగతి నీకెందుకురా? గడువు చెప్పు."

"తొంభై రోజులు. ఒక్క కమ్మీ మిగిలినా కోయించేస్తా."

"రాసివ్వు."

ఇంటికొస్తూనే ఆమె పొరుగాయన్ని సాయం అడిగింది. పక్క పొలం ఆర్లో బ్రెక్ రిటైరైన వెల్డరు. అతను వంతెన కింద దూరి చూసొచ్చాడు.

"చీలలతో బిగించారు, ఆర్డిస్. అవి ఊడితే మంచం విప్పినట్టు విప్పొచ్చు. ఊడితేనే!"

ఆగస్టులో నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి. వంతెన కింద దుంగలతో ఆసరా కట్టారు. డీజిల్ పోసి, మంట పెట్టి కాల్చి, సమ్మెటతో బాదితే మొదటి చీల నాలుగో రోజున కదిలింది. ఆ మోత విని ఒకరిద్దరు చూడ్డానికొచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేక సమ్మెట అందుకున్నారు. వారం తిరిగేసరికి పద్నాలుగు మంది. ఆర్డిస్ ప్రతి కమ్మీ మీదా తెల్ల రంగుతో అంకె వేసింది. రెండు కమ్మీలు విరిగిపోయిన రోజున ఆమె ట్రాక్టర్ చాటుకెళ్ళి కళ్ళు తుడుచుకొచ్చి, "ఊఁ, తర్వాతది," అంది.

ఎనభై ఎనిమిదో రోజుకి ఏటి మీద ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడు ఆమె పచ్చిక బయల్లోని వాగు మీద వంతెన మళ్ళీ లేచింది, వాగు వెడల్పుకి తగ్గట్టు ఒక చట్రం మేర పొట్టిగా, రెండు కొత్త కమ్మీలతో. డ్వేన్ కారు దిగి వచ్చాడు.

"దీనికి అనుమతి ఉందా పెద్దమ్మా?"

"పొలం నాది, వాగు నాది, వంతెన నువ్వు సంతకం పెట్టి ఇచ్చింది. నడుస్తావా, దారి తప్పుకుంటావా? వెనక నా ఆవులు కాచుక్కూచున్నాయి."

డ్వేన్ కిందకి చూశాడు, పైకి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని నడిచాడు. అతను అవతలి గట్టు ఎక్కేదాకా కూడా ఆగకుండా ఆర్డిస్ గేటు తీసింది.