చార్టులో హన్నమ్మ

తిరువూరు అవతల ఆ ముసలివాళ్ల ఆశ్రమం గేటు ఎంత ఎత్తంటే, దాటబోయే కాకి కూడా సగంలో ఆగి ఊపిరి పీల్చుకోవాల్సిందే. ఆ గేటు లోపల ఫిబ్రవరిలో తొమ్మిది మంది ఆయాల్ని వరసగా నిలబెట్టి వేలిముద్రలు వేయించారు. అన్ని కాయితాల్లోనూ ఒకటే మాట: "సొంత పనుల వల్ల ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను." రాసింది గుమాస్తా ప్రభుదాసు. రాయించింది ఛైర్మన్ సీతారామారావు.

"విరాళాలు తగ్గాయి. ఇది సేవ, ఫ్యాక్టరీ కాదు," అన్నాడాయన.

సేవే. కాకపోతే సేవ చేసినవాళ్లకి ఆకలి వెయ్యదనుకున్నాడు. ఈఎస్ఐ కార్డున్న మనిషిని యజమాని తీసేస్తే కొన్నాళ్లు నిరుద్యోగ భృతి వస్తుంది. తనంతట తాను మానేస్తే రాదు. తొమ్మిది దరఖాస్తులూ తిరిగొచ్చాయి.

ఆ తొమ్మిది మందిలో ఒకతైన హన్నమ్మ మూడుసార్లు ప్రభుదాసు దగ్గరికి వచ్చింది. మంచాన పడ్డవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ పన్నెండేళ్లు గడిపిన మనిషి. "తీసేశామని ఒక్క ముక్క రాసివ్వండి ప్రభుదాసుగారూ." అతను పెన్ను కేసి చూసుకున్నాడు గానీ రాయలేదు. మే నెలలో హన్నమ్మ పెనుగొలను మామిడితోటలో కూలికెళ్లి వడదెబ్బకి పోయింది.

ఆశ్రమం డ్యూటీ చార్టులోంచి మాత్రం పోలేదు. దాతలు చూడ్డానికొస్తే ఆయాలు తక్కువ కనబడకూడదని తొమ్మిది పేర్లూ ఉంచమన్నాడు ఛైర్మన్. చచ్చినామె పేరు పక్కన ప్రభుదాసు రోజూ టిక్కు పెట్టాడు.

ఓ ఉదయం లేవలేని ముసలాయన అన్నాడు: "ఇప్పుడే హన్నమ్మ తిప్పి వెళ్లిందయ్యా. చేతులు మంచులా ఉన్నాయి, ఏమైందో పాపం." మర్నాడు ఇంకో మంచం అదే చెప్పింది. వారం తిరిగేసరికి వార్డంతా అదే మాట. ప్రభుదాసు టిక్కు పెట్టినప్పుడల్లా భుజం వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు.

జూన్‌లో, దాతల కారు వచ్చే రోజున, చార్టు సంగతి లోపలి ఆయాల నోట విని, తీసేసినవాళ్లలో మిగిలిన ఎనిమిది మందీ గేటు ముందు కూర్చున్నారు.

"చచ్చినామె డ్యూటీ చేస్తోందంట, బతికున్న మేం మానేశామంట," అంది వాళ్లలో జ్ఞానమణి. "మరి మేం ఏ లోకంలో ఉన్నట్టండీ?"

లోపల మిగిలిన నలుగురు ఆయాలూ వచ్చి వాళ్ల పక్కన చేరారు.

"నీకేం తక్కువైందే నాగేంద్రమ్మా?" అన్నాడు ఛైర్మన్.

"నడుమండీ. పదమూడు మంది పని నలుగురం చేస్తున్నాం."

రెండు గంటలకోసారి నలుగురు లేచి లోపలికెళ్లి, మంచాలన్నీ తిప్పి, మళ్లీ వచ్చి కూర్చునేవారు. మూడు రోజులు. ఒక్క ముసలి ఒంటిమీద పుండు లేవలేదు.

మూడోరోజు పోలీసు జీపొచ్చింది. "మానెయ్యలేదనడానికి రుజువేంటమ్మా?" అన్నాడు ఎస్సై.

ప్రభుదాసు చార్టు పట్టుకుని గేటు బయటికొచ్చాడు. "రాసింది నేనండి. ఒక్కరూ మానేస్తామనలేదు. మేమే తీసేశాం."

"దొంగరాతలు నీవైతే జైలూ నీదే," అన్నాడు ఛైర్మన్ మెల్లగా.

"నాదేనండి. రాయించింది మీరు. ఇద్దరం వెళ్దాం రండి."

జీపు అతణ్ణొక్కణ్ణే ఎక్కించుకుంది. పన్నెండుమందీ వెనకే నడిచారు. తిరువూరు స్టేషన్ చేరేసరికి మెట్ల దగ్గర కబురు విన్న ఎక్కడెక్కడి ఆడవాళ్లో నిలబడున్నారు, చేతుల్లో అలాంటివే మడతలు పడ్డ 'మానేస్తున్నాను' కాయితాలతో. గంపలగూడెం వైపు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసి వచ్చిన ఒకామె, జీపు దిగిన ప్రభుదాసు ముందుకి తన కాయితం చాపింది.

"ఇదీ నీ చేతిరాతేనా బాబూ?"

"కాదమ్మా."

"అయినా చదువు. నేనెందుకు మానేశానో నేనూ వినాలి."

ప్రభుదాసు మెట్టు మీద కూర్చుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.