అక్కను అచ్చు వేసినవాడు

పేరు మార్చేశాను, ఇంక ఎవరి కథో ఎవడికి తెలుస్తుందని ధీమాగా కూర్చున్న పెద్దమనిషీ, ముందు సిగ్గుపడటం నేర్చుకో. ఇంటివాళ్ళ బాధకు వేషం మార్చినంత మాత్రాన అది నీ సొత్తయిపోదు.

ఇంగ్లండు సముద్రతీరాన క్రోమర్ ఊళ్ళో క్లెమెంట్ లార్‌వుడ్ కూడా నీలాగే అనుకున్నాడు. నవలలు రాసి రాసి అలిసిపోయిన మనిషి. పొద్దున్నే జావ తాగి కిటికీ దగ్గర కూర్చునేవాడు. రాసేవాడు, రాసింది కొట్టేసేవాడు, సముద్రం ఒడ్డున కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చేవాడు. పెళ్ళి కాని అక్క ఈనిడ్ ఇల్లు నడిపేది.

అతను ఎవరిలో ఏది చూసి పుస్తకంలో పెడితే, అచ్చయిన రోజున అది వాళ్ళలోంచి పోయేది. ఊరికి ఇది అలవాటే. పీతలమ్మే గాట్సమ్మ పకపకా నవ్వేది. ఆ నవ్వు ఒక నవలలోకి పోయింది. అప్పట్నించీ ఎంత హాస్యానికైనా తల ఊపి ఊరుకునేది.

"మోకాళ్ళ నొప్పి రాయకూడదూ, క్లెమెంట్ బాబూ? పనికొచ్చేవే ఎత్తుకుపోతావు!" అని దెప్పేది.

ఈనిడ్ కోరింది ఒక్కటే. "నన్నేమైనా రాసుకోరా. హ్యూబర్ట్ జోలికి మాత్రం పోకు."

హ్యూబర్ట్ పీతల పడవ మీద పనిచేసేవాడు. నీచు చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుని, నన్ను చేసుకుంటావా అన్నాడు. "ముందా చేతులు కడుక్కురా" అని నవ్విందామె. అతను కడుక్కోవడానికి వెళ్ళాడు. యుద్ధం వచ్చిందంటూ పడవల వాళ్ళనందరినీ ఆ సాయంత్రం రైలుకే ఎక్కించారు. అతను మళ్ళీ రాలేదు. చెప్పలేకపోయిన ఆ జవాబే ఇరవై ఏళ్ళుగా ఆమెకు తోడు.

లండన్‌లో పుస్తకాలు వేసేవాళ్ళు క్లెమెంట్ నవల తిప్పి పంపారు. ప్రాణం లేదన్నారు. అతను మళ్ళీ కూర్చున్నాడు. హ్యూబర్ట్‌ను వడ్రంగిని చేశాడు, అక్కకు మార్గరెట్ అని పేరు పెట్టాడు.

"ఎవరి కథరా?"

"ఎవరో మార్గరెట్‌ది అక్కా."

"పాపం, పెళ్ళయిందా?"

అతను కాగితం తిప్పి రాసుకుంటూ పోయాడు. చివరి అధ్యాయంలో మార్గరెట్‌కు ఒక తమ్ముణ్ణి పెట్టాడు. వాడి మీద ప్రేమతోనే ఆమె బతికిందని రాస్తూ తనే ఏడ్చాడు.

పుస్తకం వచ్చింది. లోకం మెచ్చుకుంది. ఈనిడ్ ముఖంలో బరువు దిగింది, వంటింట్లో కూనిరాగం తీసింది. మేలే చేశాననుకుంటూ క్లెమెంట్ లోపలికి వెళ్ళాడు.

"ఎవరు కావాలండీ?"

"అక్కా, నేను."

"పొరబడ్డారు. నాకు తమ్ముళ్ళు లేరు. గది కోసమైతే మేడ మీద ఒకటుంది. తమ పేరు?"

"లార్‌వుడ్."

"మా ఇంటిపేరే! చిత్రంగా ఉందే."

అతను తన గదిలోనే అద్దెకు దిగాడు.

వసంతంలో దీపస్తంభం కాపలాదారు ఆమెను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. వెంటనే ఒప్పుకుంది. చర్చిలో పెళ్ళికూతురి చెయ్యి పట్టి నడిపించడానికి తండ్రో తోడబుట్టినవాడో ఉండాలి. నాకెవరూ లేరని ఈనిడ్ గాట్సమ్మ మొగుణ్ణి పిలుచుకుంది. క్లెమెంట్‌కు వెనక బల్ల చూపించారు. పక్కగా వెళుతూ ఆమె మర్యాదగా తల వంచింది.

"అద్దెకున్నవారు కూడా వచ్చారే. చాలా సంతోషమండీ."

ఆ పుస్తకానికి అతను చెల్లించుకున్నది అదీ.